బోనం వెనక్కి తిరగదు

మొన్న వాన ఒక్కపెట్టున కొట్టేసరికి నేను కిరాయికి ఉంటున్న గది కప్పు కారింది. మంచం కింద రేకు పెట్టె తడిసింది. అందులో బట్టలకన్నా పుస్తకాలే ఎక్కువ, చిన్నప్పటి నోటుబుక్కులు కూడా కొన్ని ఉన్నాయి. మర్నాడు ఎండ రాగానే వాటిని మేడ మీదికి తీసుకెళ్ళి, విప్పి, గాలికి పేజీలు తిరగకుండా రాళ్ళు పెట్టి ఆరబోశాను. బట్టలారేయడానికి వచ్చిన ఇంటివాళ్ళ కోడలు చూసి, "ఏందక్కా, పుస్తకాలు గూడ ఉతికినవా?" అని నవ్వింది.

ఒక నోటుబుక్కులో సిరా అంతా అలుక్కుపోయింది. ఒక్క పేజీలో మూడు వాక్యాలు మాత్రం నిలిచాయి. "ఈ రోజు ఊరి బోనం నేనే ఎత్తుకున్నాను. మెడ నొప్పిగా ఉంది. పులిహోర రెండుసార్లు తిన్నాను."

అప్పుడు నాకు పదకొండేళ్ళు. రోజూ ఏదో ఒకటి రాసుకోవాలన్న పిచ్చి అప్పటికే పట్టుకుంది. ఏ కూర తిన్నానో, బడిలో ఎవరు ఏడ్చారో, మేక ఎన్ని పిల్లల్ని పెట్టిందో పేజీల కొద్దీ రాశాను. అంత పెద్ద రోజుకు మాత్రం మూడు వాక్యాలు. మిగతాది రాయడం అప్పుడు చేతకాలేదు. ఇప్పుడు ప్రయత్నిస్తాను.

మా ఊరు అడవి మొదలయ్యే చోట ఉండేది. ఇటు పొలాలు, అటు టేకు, తునికి, నల్లమద్ది. భద్రాచలం పోయే బస్సు మూడు మైళ్ళ అవతల ఆగేది. పెద్ద కష్టమొస్తే అందరూ "రామయ్య ఉన్నడు" అని ఆ దిక్కుకు దండం పెట్టేవాళ్ళు. వానకూ, పంటకూ, పిల్లల జ్వరానికీ మాత్రం ముత్యాలమ్మే. "రామయ్యది పెద్ద కోర్టు. ముత్యాలమ్మది ఊరి పంచాయితీ. ప్రతిదానికీ పెద్ద కోర్టుకు పోతమా?" అనేది మా నాయనమ్మ.

ఎండాకాలమంతా ఊరు తునికాకు వాసన వేసేది. కట్టలు కట్టి ఎండబెట్టిన ఆకుల మీదుగా గాలి వీస్తే ఎండుగడ్డీ పచ్చితోలూ కలిసినట్టుండేది. ఇళ్ళలో ఇప్పపువ్వు వాసన. నాయనమ్మ ఎండిన పువ్వును మూకుట్లో వేయించి, నువ్వులు కలిపి రోట్లో దంచి ఉండలు కట్టేది. కుండలో పెట్టి మూతికి గుడ్డ కట్టేది. నేనూ మా చిన్నాన్న కూతురూ ఆ ఉండలు దొంగిలించి మళ్ళీ గుడ్డ కట్టేసేవాళ్ళం. నాయనమ్మ ముడి చూసి దొంగను పట్టేది. "ఇది నీ ముడి. దానిదైతే ఎడమ దిక్కు తిరుగుతది. నువ్వు నోరిప్పకున్నా నీ ముడి చెప్తది" అని నా చెవి మెలిపెట్టేది. చిన్నాన్న కూతురిది ఎడమ చేతివాటం.

నోరిప్పకపోవడం నా జబ్బు. బడిలో హాజరు పిలిస్తే "ఉన్నా సార్" అనడానికి కూడా గొంతు పెగిలేది కాదు. చెయ్యి ఎత్తేదాన్ని. సారు కళ్ళద్దాలు సవరించుకుని వెతుక్కునేవారు. దుకాణంలో బెల్లం, చింతపండు కట్టిచ్చిన కాగితాలు ఇంటికి తెచ్చి, జిడ్డు తుడిచి, దాచుకుని చదవడం ఒక్కటే నాకు బాగా వచ్చిన పని. సగం కథ దొరికేది. మిగతా సగం నేనే అల్లుకునేదాన్ని.

ఊరి చివరి ఇంటి పక్క నుంచి అడవిలోకి ఒక కాలిబాట ఉండేది. మేం తొవ్వ అనేవాళ్ళం. ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సన్నం. తునికాకుకూ, కట్టెలకూ, ఇప్పపువ్వుకూ ఊరు ఊరంతా అటే పోయేది. అడవిలోని కోయగూడెం వాళ్ళు తేనె, చీపుళ్ళు, కుంకుళ్ళు తీసుకుని సంతకు అటే వచ్చేవాళ్ళు. పొలాలు దాటి పావుగంట నడిస్తే తొవ్వ పక్కనే మద్దిచెట్టు కింద ముత్యాలమ్మ గద్దె. గుడి లేదు, గోడ లేదు. పసుపు రాసిన మూడు రాళ్ళు, ఒక మట్టి దిమ్మె. గూడెం తాత ఒకాయన అక్కడ పూజారి.

ఆ పొలాలు ఎవరివో నాకు తెలియదు. పట్నంలో ఉండే ఎవరో వారసుడివని అనుకునేవాళ్ళు. ఆయన అమ్మేస్తే, కోస్తా వైపు నుంచి ఒక ఆసామి వచ్చి కొన్నాడు. పొలంలోనే పెంకుటిల్లు కట్టుకుని, తల్లిని తెచ్చుకుని, బోరు వేయించి, మిరప పెట్టాడు. మా ఊళ్ళో మొదటి ట్రాక్టరు ఆయనదే. దాని మీద డ్రైవరు మా నాయన. నెల నెలా జీతం వచ్చే మనిషి మా వాడలో ఆయన ఒక్కడే అయ్యాడు. ఆసామి చెడ్డవాడని నేను అనను. ఆ చలికాలం మా అమ్మకు జ్వరం తగ్గకపోతే తన జీపులో దవాఖానాకు పంపింది ఆయనే.

కానీ తొవ్వ ఆయన మిరపతోట మధ్య నుంచి పోయేది. ఆవులూ మేకలూ పోతూ పోతూ మొక్కలు కొరికేవి. ఆసామి రెండుసార్లు చెప్పి చూశాడు. మూడోసారి చెప్పలేదు. రాతి కడీలు పాతించి, ముళ్ళతీగ లాగించి, తొవ్వకు అడ్డంగా ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు. అడవికి పోవాలంటే వాగు వైపు నుంచి తిరిగి పొమ్మన్నాడు. అది రెండు మైళ్ళ చుట్టు. వానలు పడితే వాగు నడుము దాకా వస్తుంది.

మొదట్లో ఊళ్ళో బాగానే కేకలు వేశారు. తర్వాత ఒక్కొక్కరే మెత్తబడ్డారు. కొందరికి ఆయన పొలంలో కూలి, కొందరికి ఆయన బోరు నీళ్ళు. ఇంతలో ఆషాఢం వచ్చింది, ముత్యాలమ్మ బోనాల వారం వచ్చింది. బడి అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. నేను కిటికీ అవతల కూర్చుని పొట్లం కాగితం చదువుతూ అంతా విన్నాను.

"ఈ ఒక్క ఏడు బోనం వాగు దిక్కునుంచి తీస్కపోదాం. లొల్లి ఎందుకు?" అన్నాడు సర్పంచి.

మా నాయనమ్మ అరుగు కింద నిలబడి ఉంది. ఆడవాళ్ళ బోనాలకు పెద్దదిక్కు ఆవిడే. "ఈ ఏడు తల్లి సుట్టు తిరిగి పోతే, వచ్చే ఏడు అదే తొవ్వ అంటరు. తల్లి నడిచిందే ఊరికి తొవ్వ. ఒక్కసారి మళ్ళితే ఇగ ఆ గేటు తెరుసుకోదు. నీ మనవరాండ్లు పిడికెడు ఇప్పపువ్వుకు వాగు ఈదిపోతరు."

"మరి కొట్లాడుదామంటవా?"

"కొట్లాడుడు ఎందుకు? నడుసుడే."

మా ఊళ్ళో ఆచారం ఇది. అందరి బోనాలకన్నా ముందు ఊరి బోనం కదులుతుంది. కుమ్మరి ఇంట్లో కొత్త కుండకు పసుపు రాసి, బెల్లమన్నం పెట్టి, వేపాకు చుట్టి, పైన దీపం వెలిగిస్తారు. దాన్ని ఇంకా పెద్దమనిషి కాని పిల్ల ఎత్తుకోవాలి. ఆ పిల్లకు మూడు కట్టుబాట్లు. గద్దె చేరేదాకా నోరు విప్పకూడదు. మధ్యలో దించకూడదు. వెనక్కి తిరగకూడదు. దారిలో ప్రతి ఇంటి ఆడవాళ్ళూ గడప దిగి ఆ పిల్ల కాళ్ళ మీద పసుపునీళ్ళు పోస్తారు. పోసిన ఇంటికి తల్లి చుట్టమైనట్టు లెక్క. చుట్టాన్ని ఎవరూ వెనక్కి పంపరు, దగ్గరుండి ముందుకు సాగనంపుతారు.

ఆ ఏడు ఎత్తుకోవాల్సింది సర్పంచి తమ్ముడి కూతురు. పండుగ రెండు రోజులుందనగా వాళ్ళు పిల్లకు ఒళ్ళు బాగలేదని కబురు పెట్టారు. నాయనమ్మ మరో నాలుగిళ్ళు తిరిగింది. అందరి పిల్లలకూ ఒకేసారి జ్వరాలొచ్చాయి. ఆ సాయంత్రం ఆవిడ వచ్చి మా గడప మీద కూర్చుని, చెంగుతో విసురుకుంటూ, చాలాసేపు నా వంక చూసింది.

అమ్మకు అర్థమైంది. "అత్తా, వద్దు. పదిమందిల పేరు చెప్పమంటెనే దీని గొంతు రాదు. గక్కడ మనుషులు కర్రలు పట్టుకుని నిలబడతరంట."

"మాట్లాడే పనేముందే అండ్ల? నోరు మూసుకునుడు దీనికన్న మంచిగ ఎవ్వరికొస్తది? ఏందే పిల్లా, మోస్తవా?"

నేను తల ఊపాను. ధైర్యం ఉండి కాదు. వద్దనడానికి మాట్లాడాలి కదా.

నాయన పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. అమ్మ సంగతి చెప్పింది. ఆయన కంచం ముందు కూర్చుని అన్నంలో వేళ్ళు పెట్టి కదపలేదు. "పండుగ నాడు పనోళ్ళందరినీ గేటు కాడ నిలబడమన్నడు ఆసామి. నన్ను గూడ."

"బిడ్డకు అడ్డం నిలబడతవా?"

"నిలబడకుంటే నౌకరి పోతది. మొన్న చలికాలంల నిన్ను దవాఖానాకు పంపిన మనిషి. ఏమని చెప్పాలె? ఎవ్వరి మీద చెయ్యి వెయ్య. ఊకె నిలబడత."

అమ్మ చారు గిన్నె ఆయన వైపు జరిపింది. నేను గోడ వైపు తిరిగి కాగితం చదువుతున్నట్టే ఉన్నాను. అందులో ఏముందో ఈ రోజుకీ తెలియదు.

పండుగ నాడు వాన లేదు, గాలి లేదు. ఆకాశం కాగిన మూకుడు బోర్లించినట్టుంది. కుమ్మరి ఇంటి ముంగిట నాకు తలంటి, పసుపుబట్ట చుట్టి, కాళ్ళకు పారాణి పెట్టారు. నెత్తి మీద గుడ్డతో చుట్టకుదురు పెట్టి నాయనమ్మ కుండ ఎక్కించింది. మెడ ఒక్కసారి లోపలికి దిగినట్టయింది. పచ్చి మట్టి, బెల్లం, ఆముదం, వేపాకు, నాలుగు వాసనలూ కలిసి మొహం మీదికి జారాయి. "రెండు చేతులు గిట్ల పట్టుకో. సూపు ముందటికే. ఎవ్వడేమన్నా నీకు ఇనపడది, సరేనా?" అంది నాయనమ్మ. సరే అనబోయి ఆగాను. కట్టుబాటు అప్పటికే మొదలైంది.

డప్పులు ముందు, నేను, నా వెనక ముప్పై మంది దాకా ఆడవాళ్ళు బోనాలతో. మగవాళ్ళు దూరంగా, తమకు సంబంధం లేనట్టూ ఉన్నట్టూ నడిచారు. ఇంటింటికీ కాళ్ళ మీద నీళ్ళు పడ్డాయి. కొన్ని చల్లగా, కొన్ని ఎండకు కాగిన బిందెలోవి వెచ్చగా. సర్పంచి ఇంటి ముందు ఆయన కోడలు గబగబా ఒక చెంబు కుమ్మరించి, మొహం దాచుకుని లోపలికి పోయింది.

ఊరు దాటాం. మిరపతోట వచ్చింది. గేటు వచ్చింది.

గేటు వెనక ఆసామి తెల్ల బట్టల్లో నిలబడ్డాడు. పక్కన నలుగురు, చేతుల్లో కర్రలు. నాలుగోవాడు నాయన. ఖాకీ చొక్కా వేసుకున్నాడు, కర్రను నేలకు ఆనించి నేల వైపే చూస్తున్నాడు. డప్పులు ఆగిపోయాయి.

"నేను దేవతకి అడ్డం కాదమ్మా. వాగు మీదగా వెళ్ళండి, కావాలంటే నేనే మేకపోతుని పంపిస్తాను. ఇది నా పొలం. ఇవాళ తాళం తీస్తే రేపు గొడ్లు వస్తాయి" అన్నాడు ఆసామి.

"నీ పొలం నిన్నటిది. ఈ తొవ్వ మా తాతల నాటిది" అంది నాయనమ్మ.

"కాగితం ఉందా?"

"నా కాళ్ళకున్న పగుళ్ళు సూస్తవా? గవే కాగితాలు."

ఆడవాళ్ళు నవ్వారు. కర్ర పట్టుకున్న వాళ్ళలో ఒకడు, పొరుగూరివాడు, ఆ నవ్వుకు ఉడుక్కున్నాడు. "ఎనక్కి పోతరా, పంపమంటరా?" అని కర్రతో గేటు ఊచల మీద బలంగా కొట్టాడు. ఇనుము మోగిన చప్పుడుకు వెనక ఎవరో చంటిపిల్ల కెవ్వుమంది. ఒకరిద్దరు వెనక్కి జరిగిన అడుగుల చప్పుడు వినపడింది. సర్పంచి వచ్చి నాయనమ్మ చెవిలో ఏదో చెప్పాడు. ఆడవాళ్ళు సగం మంది పక్కకు, వాగు వైపు బాటలోకి మళ్ళడం నాకు గాజుల చప్పుడును బట్టి తెలిసింది. తిరిగి చూడటానికి లేదు.

ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. దీపంలోంచి ఆముదం ఒక చుక్క జారి కణతల మీదుగా చెవిలోకి దిగింది. ఒంటేలుకు వస్తోంది. నాయన ఒక్కసారి నా వైపు చూస్తే చాలనుకున్నాను. ఆయన చూడలేదు.

అప్పుడొక సంగతి తోచింది. ఎంత చిన్న సంగతంటే, ఇప్పుడు రాయబోతే సిగ్గుగా ఉంది. నేను భయపడుతున్నాను. కానీ నా నెత్తి మీద కూర్చున్నావిడ భయపడటం లేదు. నా కాళ్ళు వణుకుతున్నా కుండలో అన్నం కదలడం లేదు, దీపం ఆరడం లేదు. ధైర్యంగా ఉండటం ఆవిడ పని. నా పని మోయడమే. నాకు భయం ఉంటే ఉండనీ, దానికేం అడ్డు? అలా అనుకున్నాక మెడ మీద బరువు తగ్గలేదు. తగ్గిందని చెబితే అబద్ధం. కానీ అది నన్ను తొక్కే బరువులా కాక, పైనుంచి ఒక చెయ్యి గట్టిగా పట్టుకున్నట్టయింది. మా చుట్టూ ఉన్న ఎండలో, డప్పులు ఆగిన ఆ నిశ్శబ్దంలో, నేను ఒక్కదాన్నే లేనని నాకు అన్నం తిన్నంత స్పష్టంగా తెలిసింది.

ఒక అడుగు వేశాను. ఇంకొకటి. ఎవరూ వెయ్యమనలేదు. పాదాలు గేటు కింది పట్టీకి తగిలేదాకా నడిచి ఆగాను. ఊచల మధ్య నుంచి బయటికి వచ్చి ఉన్న కర్రలు ఒక్కొక్కటే లోపలికి పోయాయి. అమ్మవారి కుండకు కర్ర తగలాలని ఎవరికుంటుంది?

"ఏయ్ పాపా, ఆగక్కడ" అన్నాడు ఆసామి. నేను అప్పటికే ఆగి ఉన్నాను. "నిన్నేనమ్మా. వినపడలేదా? ఎవరి పిల్ల ఇది? మాట్లాడదేం?"

వెనక నుంచి మా చిన్నమ్మ గొంతు వినపడింది. "నీ పక్కన ఖాకీ అంగీ ఏసుకున్నాయన్ని అడుగు. ఆయనకెరుక."

ఆసామి తిరిగి నాయనను చూశాడు. నాయన తల ఎత్తాడు. "నా బిడ్డే అయ్యా."

"మీ అమ్మాయా? మరి నువ్వే చెప్పవయ్యా. వెనక్కి పంపించు."

నాయన గేటు దాకా వచ్చాడు. మా మధ్య మూరెడు దూరం కూడా లేదు. ఆయన చొక్కా మీది డీజిలు వాసన నాకు తెలుస్తోంది. నా మొహంలోకి చూశాడు, తర్వాత ఇంకా పైకి, దీపం వైపు చూశాడు. కర్రను రాతికడీకి ఆనించాడు. చెప్పులు విడిచాడు.

"ఇయ్యాల నా బిడ్డ గాదయ్యా" అన్నాడు. "నెత్తి మీద తల్లి ఉంది. నా మాట నడవది."

ఆసామి మొహం ఎర్రబడింది. ఏమనేవాడో గాని, అప్పుడే పెంకుటింటి లోంచి ఆయన తల్లి బయటికి వచ్చింది. పొట్టి మనిషి, ముగ్గుబుట్ట లాంటి తల. డప్పులు విని కడవ దగ్గరికి వెళ్ళి, పసుపు కలుపుకుని రావడానికి ఇంతసేపు పట్టిందట. ఎవరితోనూ ఏమీ అనకుండా, కర్రల మధ్య నుంచి దారి చేసుకుని వచ్చి, వంగి, ఊచల సందులోంచి చెంబెడు నీళ్ళు నా పాదాల మీద పోసింది. "ఎంతసేపట్నించి నిలబెట్టారే తల్లీ నిన్ను, పాదాలు కాలిపోతున్నాయి" అంది. నాతో అందో, ముత్యాలమ్మతో అందో.

వెనక ఆడవాళ్ళలో ఒక్కసారి కలకలం పుట్టింది. వాగు వైపు మళ్ళినవాళ్ళ గాజుల చప్పుడు కూడా పరుగున తిరిగి వచ్చింది. నాయనమ్మ గొంతు అందరికన్నా పైన వినిపించింది. "పోసింది. గడప దిగొచ్చి నీళ్ళు పోసింది. తల్లి ఈ ఇంటికి సుట్టమైంది. ఇగ ఎట్ల పంపుతరో పంపుండ్రి."

"మా అమ్మకి మీ ఊరి పద్ధతులు తెలీవు. పొరపాటున పోసింది" అన్నాడు ఆసామి.

"ఏం పద్ధతిరా?" అంది ముసలావిడ. ఎవరో చెప్పారు. ఆవిడ ఖాళీ చెంబు వైపూ, కొడుకు వైపూ చూసింది. "తెలీక పోశానే అనుకో. పోసిన నీళ్ళు మళ్ళీ చెంబులోకి ఎత్తమంటావా? ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎండలో నిలబెట్టే వంశమా మనది? తాళం తియ్యి."

ఆసామి నడుముకున్న తాళంచెవి తీసి, ఎవరి వైపూ చూడకుండా నాయన చేతిలో పెట్టాడు. నాయన గేటు తీశాడు. నేను లోపలికి అడుగుపెట్టేసరికి ఆయన పక్కకు జరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, తడిసిన నా పాదాలకు రెండు చేతులూ తాకించి కళ్ళకద్దుకున్నాడు. బోనం ఎత్తుకున్న పిల్లకు ఊరంతా అలాగే మొక్కుతుంది, అది ఆచారమే. కానీ ఈసారి మొక్కింది నాయన. లే నాయనా అనడానికి నోరు లేదు. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి.

గద్దె దగ్గర గూడెం తాత డోలు మెడకు వేసుకుని పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నాడు. కుండ దించి నా మెడ నిమిరాడు. బోనం దించిన పిల్ల మొదట అనే మాట తల్లి వాక్కుగా తీసుకుంటారు. అందరూ నా చుట్టూ చేరి చెవులు రిక్కించారు. నేను "ఆకలైతుంది" అన్నాను.

"ఇన్నరా? తల్లికి ఆకలైతుందంట. జల్దీ పెట్టుండ్రి" అన్నాడు తాత. నవ్వులే నవ్వులు. ఆ రోజు తల్లికి నైవేద్యం ఎప్పటికన్నా తొందరగా అందింది. నాకు పులిహోర కూడా.

ఆసామి తల్లి కూడా మా వెనకే వచ్చింది. ఆకులో పులిహోర పెట్టుకుని మా ఆడవాళ్ళ మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కట్టుబాటు సంగతి నాయనమ్మ నోట మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంది. "నాకేం తెలుసు ఒదినా. మా వైపు కూడా ఘటం గుమ్మం ముందుకొస్తే నీళ్ళు పోస్తాం, అందుకు పోశాను. తెలిసుంటే రెండు చెంబులు పోసేదాన్ని" అంది. నాయనమ్మ ఆవిడ ఆకులో ఇంకో ముద్ద వేసింది.

నాయన నౌకరి పోలేదు. పది రోజులు ఆసామి ఆయనతో మాట్లాడలేదు. పదకొండో రోజు ట్రాక్టరు మడిలో దిగబడితే పిలిపించాడు. గేటు ఉంది గాని, దాని పక్కన రెండు కడీల మధ్య తీగ కోయించి, మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు పెట్టించాడు. ఆవు పట్టదు, కట్టెలమోపు పడుతుంది. మిరప బతికింది, తొవ్వ బతికింది. ఆ పని ముందే చేసి ఉండొచ్చు కదా అని ఊరు అనుకుంది. ముందే ఎవరికీ తట్టలేదు మరి.

ఇప్పుడు ఆ మిరపతోట లేదు. ఆసామి అమ్ముకుని వెనక్కి వెళ్ళిపోయాడు, ఆయన తల్లి మా ఊళ్ళోనే పోయింది. ఆవిడను మోసినవాళ్ళలో మా నాయన ఒకడు. నాయనమ్మ లేదు, గూడెం తాత లేడు. తునికాకు కట్టలు ఎండబెట్టిన కల్లంలో ఇళ్ళు లేచాయి. గద్దె చుట్టూ సిమెంటు గది కట్టి మైకు పెట్టారు. బోనాలు ట్రాక్టరు ట్రక్కులో పోతున్నాయి, పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటున్నారు. అది తప్పని అనను. నాకు మాత్రం మా కాలమే గొప్పగా కనిపిస్తుంది, అందులో నేనున్నాను కాబట్టి.

నాకు ఇప్పటికీ పదిమందిలో మాట్లాడటం రాదు. ఆఫీసులో ఎవరైనా గొంతు పెంచితే అరచేతులకు చెమటలు పడతాయి. అయినా లేచి వెళ్ళిపోను. ఉన్న చోట ఉంటాను. చాలాసార్లు అదే సరిపోయింది.

పండుగ మర్నాడు పొద్దున నాయన ట్రాక్టరు కడుగుతున్నాడు. నేను బడిసంచి తగిలించుకుని పక్కనుంచి పోతుంటే చెయ్యి ఆపాడు.

"నిన్న బయమైందా బిడ్డా?"

"అయింది నాయనా."

"నాకు గూడ అయింది."

"ఆసామిని సూసా?"

నాయన చక్రం మీద బురద గీకాడు.

"కాదు. నిన్ను సూసి" అన్నాడు.

ఆ పూట బడికి తల నిటారుగా పెట్టుకుని నడిచాను, తల మీద ఏమీ లేకపోయినా.